పిల్లల మొండితనం: ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు డాక్టరుకు చూపాలి

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు అడిగింది ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లడం, చేతిలోది విసిరికొట్టడం మామూలే. మనసులోది చెప్పుకోవడానికి మాటలు చాలని వయసు అది. మాటలు పెరిగేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. బడికి వెళ్లే వయసులోనూ అలాగే సాగుతుంటే ఇంటి పద్ధతిని ఒకసారి చూసుకోవాలి.

ఉమ్మడి ఇళ్లలో తరచూ జరిగేది ఇది. తల్లి సెల్‌ఫోన్ ఇవ్వనంటుంది. పిల్లవాడు పావుగంట ఏడుస్తాడు. "పోనీలేవే, పసివాడు" అని నాయనమ్మ తన ఫోన్ ఇచ్చేస్తుంది. పావుగంట ఏడిస్తే ఫోన్ వస్తుందని వాడు నేర్చుకుంటాడు. ఎప్పుడో ఒకసారి ఇచ్చినా అలవాటు ఇంకా గట్టిపడుతుంది, ఈసారైనా దొరుకుతుందేమోనని ఆశ వదలడు గనుక. అందుకే పెద్దలంతా కూర్చుని రెండు మూడు నియమాలు పెట్టుకుని, అందరూ ఒకే మాట మీద ఉండాలి. పది నియమాలు పెడితే పెద్దలకే గుర్తుండవు. ఇవ్వడం మానిన కొత్తలో ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. చాలామంది సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తారు.

ఏడుపును పట్టించుకోకపోయినా, ఎదుటివారిని కొట్టడం, కరవడం మాత్రం వెంటనే ఆపించాలి. మంచి పని చేసినప్పుడు ఊరికే "మంచివాడివి" అనకుండా "చెప్పగానే బొమ్మలు సర్దేశావే" అని ఆ పని పేరు చెప్పి మెచ్చుకోవాలి. మనం కొడితే అప్పటికి భయపడి ఆగుతారు గానీ, కోపం వస్తే కొట్టవచ్చని నేర్చుకుంటారు. బడిలో కొట్టడాన్ని, మాటలతో వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

ఇక రాష్ట్రం బయట ఉన్న మన పిల్లల చిక్కు వేరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో. (యానాం వారికి ఈ ఇబ్బంది అంతగా ఉండదు.) కొత్తగా చేరిన పిల్లవాడు టీచరు చెప్పింది అర్థం కాక కదలకుండా కూర్చుంటాడు, లేదా పక్కవాణ్ణి గిల్లుతాడు. "చెప్పిన మాట వినడు" అని పేరు పడిపోతుంది. అదే పని ఇంట్లో తెలుగులో చెప్పి చూడండి. చేస్తే అది మొండితనం కాదు, భాష రాకపోవడం. ఆ సంగతి టీచరుకు తల్లిదండ్రులే వెళ్లి చెప్పాలి. రెండు భాషల వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు కాబట్టి ఇంట్లో తెలుగు మానేయనక్కరలేదు. తెలుగులో పిలిచినా పలకకపోతే వినికిడి పరీక్ష చేయించాలి.

ఇంట్లోనూ బడిలోనూ నెలల తరబడి ఇదే తీరు, తనను తాను గాయపరచుకోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఉన్నట్టుండి ప్రవర్తన మారితే ఎవరైనా బెదిరిస్తున్నారా, ఒంటి మీద చేయి వేస్తున్నారా అని నెమ్మదిగా అడగాలి. అలాంటిది ఉంటే 1098కి ఫోన్ చేయవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు. మానసిక సలహాకు టెలీ మానస్ నంబరు 14416.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక వారం నోటుపుస్తకంలో రాసుకోండి: గొడవ ఎప్పుడు, దేని తర్వాత మొదలైంది, ఎవరు ఏం చేస్తే ఆగింది. ఇంట్లో మాట్లాడేది తెలుగని ముందే చెప్పండి. లేకపోతే తెలియని భాషలో అడిగిన ప్రశ్నలకు జవాబు రాలేదని బుద్ధిమాంద్యం కింద రాసే ప్రమాదం ఉంది.