మైదానం ఒక చోట, ప్రయోగశాల మరో చోట

మనిషి ఎలా కదులుతాడు, ఏ బలంతో కదులుతాడు, ఆ కదలిక వల్ల అతని ఒంటికీ మనసుకూ ఏమవుతుంది? ఈ ప్రశ్నల చుట్టూ అల్లుకున్న శాస్త్రం కినీసియాలజీ. ఎముకల అమరిక, కండరాల రసాయనం, కీళ్ల మీద పడే భారం, మెదడు నుంచి అందే ఆజ్ఞ, ఆటల వెనుక ఉన్న సమాజం అన్నీ దీని పరిధిలోకే వస్తాయి. విశ్వవిద్యాలయాల్లో దీనికంటూ సొంత విభాగాలు ఏర్పడింది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోనే. అయితే ఆ విభాగాలు నిలబడిన పునాదిలో తెలుగువారు వేసిన రాళ్లు కూడా ఉన్నాయి.

ఐరోపాలో జంతువుల కదలిక గురించి అరిస్టాటిలే రాశాడు. లెక్కలతో చూపించింది మాత్రం ఇటలీకి చెందిన బొరెల్లి. ఆయన మరణించాక, 1680-81లో వెలువడిన గ్రంథంలో ఎముకలను మీటలుగా, కండరాలను వాటిని లాగే తాళ్లుగా చూపించారు. మోచేయి మడిచి అరచేతిలో 5 కిలోల బియ్యం సంచీ పట్టుకుంటే, కండరం కీలుకు బాగా దగ్గరగా అతుక్కుని ఉంటుంది కాబట్టి అది సుమారు ఏడెనిమిది రెట్ల బలంతో లాగాల్సి వస్తుంది. శరీరం బలాన్ని ఖర్చుపెట్టి వేగాన్ని కొనుక్కుంటుందన్న సంగతి అక్కడే తేలింది. 1813లో పెర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థను నెలకొల్పారు. ఆ సంస్థలో చదివి అమెరికా వెళ్లిన నిల్స్ పోసే 1894లో తన పుస్తకానికి కినీసియాలజీ అనే మాటతో పేరు పెట్టారు.

కదలికను ముక్కలుగా విడదీసి చూడటం తెలుగు నేలకు అంతకు చాలా ముందే తెలుసు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54లో సంస్కృతంలో నృత్తరత్నావళిని పూర్తి చేశారు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు శాస్త్రీయమైన మార్గ పద్ధతికి, నాలుగు ప్రాంతీయమైన దేశి నృత్యాలకు కేటాయించారు. తల, చేతులు, పార్శ్వాలు, నడుము, పాదాలు ఎన్ని విధాలుగా కదులుతాయో ఒక్కొక్కదానికీ పేరు పెట్టి, అవి కలిస్తే ఏ భంగిమ ఏర్పడుతుందో వివరించారు. దీన్ని నేటి బయోమెకానిక్స్ అనడం అతిశయోక్తే. జాయప కోరింది అందాన్ని, కొలతను కాదు. అయినా కదలికను విడి భాగాలుగా గుర్తించి, పేర్లు పెట్టి, మళ్లీ కూర్చడం ఏ చలన శాస్త్రానికైనా మొదటి మెట్టు. ఆ మెట్టు కాకతీయుల ఓరుగల్లులో ఉంది.

బ్రిటిష్ హయాం నాటికి ఊళ్లలో సాముగరిడీలు, హైదరాబాద్ పాతబస్తీలో తాలింఖానాలు ఉండేవి. బడుల్లోకి డ్రిల్లు వచ్చింది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన విజయనగరంలోనే డ్రిల్లు మాస్టారుగా చేరారు. సర్కస్‌తో ‘కలియుగ భీముడు’గా దేశమంతా పేరు తెచ్చుకుంది ఆ తర్వాతే. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాలను ప్రారంభించారు. 1931లో హైదరాబాద్‌లో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఏర్పడింది. దోమలగూడలోని ఈ కళాశాల దేశంలో ఇలాంటి తొలి సంస్థల్లో ఒకటి. వీటి లక్ష్యం పరిశోధన కాదు, బడులకు వ్యాయామ ఉపాధ్యాయులను (పీఈటీలను) అందించడం.

ఆ బడి మాస్టార్లలోంచే ఒక గొప్ప ఆలోచనాపరుడు వచ్చారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, హైదరాబాద్ బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన రహీం సాబ్ డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలితోనే బంతి తన్నాలన్న నిబంధనతోనూ పోటీలు నడిపారు. ఆటగాడి శరీరం అలవాటైన దారిలోనే వెళ్తుంది. ఆ దారి మూసేస్తే కొత్త దారి నేర్చుకుంటుంది. నియమాలు మార్చి నైపుణ్యాన్ని పుట్టించడం నేడు చలన నైపుణ్య శాస్త్రంలో పెద్ద అధ్యాయం. రహీం దాన్ని మైదానంలో చేసి చూపించారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

మైదానంలో రహీం చేసినదానికి సాటి రాగల పని ప్రయోగశాలలో చేసినవారు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరిన ఆయన హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో పనికి కుదిరారు. శరీర ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. మాలిబ్డేట్‌తో చర్య జరిపితే ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ.

అదే పరీక్షను కండరం నుంచి తీసిన ద్రవానికి చేసినప్పుడు నీలం రావలసిన వేగంతో రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా చిక్కబడింది. పరీక్షలో లోపమని పక్కన పెట్టేయగల చిన్న తేడా అది. వాళ్లు పెట్టలేదు. కండరంలో భాస్వరం ఏదో నిలకడలేని పదార్థంలో ఇమిడి ఉందని, ఆమ్లం తగిలాక అది విరిగి బయటపడుతోందని గ్రహించారు. దాన్ని విడదీస్తే క్రియాటిన్, ఫాస్ఫేట్ సమానంగా తేలాయి. పిల్లి కండరానికి విద్యుత్తు తగిలించి సంకోచింపజేస్తే ఆ పదార్థం తగ్గింది. విశ్రాంతినిస్తే మళ్లీ పేరుకుంది. 1927లో ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి వెలువడింది. పదార్థం పేరు ఫాస్ఫోక్రియాటిన్. అదే ఏడాది లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కప్ప కండరంలో దీన్నే గుర్తించారు.

అంతకు ఐదేళ్ల క్రితం హిల్, మేయర్‌హాఫ్‌లకు కండరాల పరిశోధనకు నోబెల్ వచ్చింది. లాక్టిక్ ఆమ్లం పుట్టడమే సంకోచానికి మూలమని అప్పటి నమ్మకం. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఆపిన కండరం కూడా పనిచేస్తుందని, ఆ శక్తి ఫాస్ఫోక్రియాటిన్ నుంచి వస్తోందని నిరూపించారు. పాత సిద్ధాంతం కూలింది. 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరానికి నేరుగా శక్తినిచ్చే ఏటీపీనీ వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడా అదే కాలంలో ఆ పని చేశారు. కండరంలో ఉన్న ఏటీపీ రెండు మూడు క్షణాలకే సరిపోతుంది. దాన్ని తిరిగి నింపుతూ మొదటి పది క్షణాల తీవ్ర శ్రమను నడిపించేది ఫాస్ఫోక్రియాటిన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఆ బరువులెత్తడానికి కావలసిన ఇంధనాన్ని గుర్తించినవారిలో భీమవరం బిడ్డ ఒకరు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

1927లోనే హార్వర్డ్‌లో ఫెటీగ్ లేబొరేటరీ తెరుచుకుంది. వ్యాయామ శరీరధర్మశాస్త్రం ఒక శాఖగా నిలబడింది ఇక్కడే. 1943లో అక్కడ రూపొందిన స్టెప్ టెస్టులో 20 అంగుళాల ఎత్తు బల్లను నిమిషానికి 30 సార్లు చొప్పున ఐదు నిమిషాలు ఎక్కి దిగాలి. ఆపాక నాడి ఎంత త్వరగా కుదుటపడితే గుండె అంత దృఢమైనట్టు.

ఇంత విజ్ఞానం పోగయ్యాక అసలు చర్చ మొదలైంది: ఇది ఒక శాస్త్రమా, పీఈటీల వృత్తి శిక్షణా? 1963లో అమెరికా విద్యావేత్త జేమ్స్ కోనంట్ వ్యాయామ విద్యలో పై చదువులను ఎత్తేయాలన్నారు. మరుసటి ఏడాది బర్క్‌లీ ఆచార్యుడు ఫ్రాంక్లిన్ హెన్రీ దానికి జవాబిచ్చారు. ఉద్యోగానికి పనికొస్తుందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, తెలుసుకోవడం కోసమే తెలుసుకోదగ్గ జ్ఞానం ఇందులో ఉందన్నారు. 1967లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం ప్రత్యేక కినీసియాలజీ విభాగాన్ని పెట్టింది. 1990లో కార్ల్ న్యూవెల్ ఈ రంగం మొత్తానికీ ఆ పేరే తగునని వాదించారు. హెన్రీ మార్గానికి నష్టమూ లేకపోలేదు. ఒక్కో శాఖ తన గూటికి చేరి, మొత్తం మనిషి కనుమరుగయ్యాడు. హెన్రీ పనిచేసిన బర్క్‌లీ విభాగమే 1997లో మూతపడింది. శాస్త్రాన్ని మైదానం నుంచి మరీ దూరం తీసుకెళ్తే జరిగేది అదే.

మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు: శాఖలు ఎన్నడూ కలవనే లేదు. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, నేటి జాతీయ పోషకాహార సంస్థ, శ్రమకూ శరీరానికీ ఉన్న లంకెను నిశితంగా చూసింది. డిటొనేటర్ ఫ్యూజులు తయారుచేసే కార్మికుల బరువు, ఎత్తు, వారి పని దిగుబడి కొలిచి, దృఢమైన శరీరం ఉన్నవారు ఎక్కువ పని చేయగలుగుతున్నారని 1977లో ప్రకటించింది. తిండికీ కూలికీ మధ్య గొలుసు అది. ఆ ఫలితాలు పోషకాహార శాస్త్రానికి చెందాయి, వ్యాయామ కళాశాలలవి కాలేదు.

హైదరాబాద్ శివారు బాచుపల్లిలో నేడు పరిస్థితి చూస్తే ఈ విడివిడితనం కళ్లకు కడుతుంది. ఒక పక్క మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టంతా నిలబడి పనిచేసేవారు, మరో పక్క నిజాంపేట మీదుగా హైటెక్ సిటీకి వెళ్లి రోజంతా కుర్చీలో గడిపేవారు. జిమ్‌లలో కుర్రాళ్లు క్రియాటిన్ పొడి తాగుతున్నారు. మమతా అకాడమీ ఆఫ్ మెడికల్ సైన్సెస్ ఇక్కడే ఉంది. ఎంబీబీఎస్ మొదటి ఏడాది విద్యార్థులు చేయాల్సిన ప్రయోగాల్లో హార్వర్డ్ స్టెప్ టెస్టు ఒకటి. వీఎన్‌ఆర్, గోకరాజు రంగరాజు ఇంజినీరింగ్ కాలేజీల్లో మీటల, బలాల పాఠాలు నడుస్తాయి. బీపీఎడ్‌లో కినీసియాలజీ ఒక పేపరు, ఫిజియోథెరపీ కోర్సులో మరో పేపరు. మెడనొప్పితో బాధపడే ఉద్యోగికి, వంగి మూటలెత్తే కూలీకి, పరుగు పందెం పిల్లకు పనికొచ్చే జ్ఞానమంతా ఈ చుట్టుపక్కలే ఉంది, ఒక్క కప్పు కింద లేదంతే. ఉస్మానియా వ్యాయామ విద్యా విభాగం, వైద్య కళాశాలలు, పోషకాహార సంస్థ కలిసి ఒక ఉమ్మడి కినీసియాలజీ విభాగాన్ని పెట్టాలి. సుబ్బారావు, రహీంల నేలకు ఆ పని ఎప్పుడో జరగాల్సింది.