పేరులేని పాత రికర్వ్ విల్లు - తయారీదారుని గుర్తింపు

రికర్వ్ విల్లు అనగా కొనలు విలుకానికి అవతలి వైపుకు వంపు తిరిగి ఉండే విల్లు. 1950-70 దశకాలలో అమెరికాలో చెక్క, ఫైబర్‌గ్లాసు పొరలను జిగురుతో అతికించి వీటిని విరివిగా తయారుచేశారు. పైపూత మళ్ళీ వేసినపుడు పేరుముద్ర చెరిగిపోవుట వలన, కొన్నింటిని ఇంటివద్దనే చేసుకొనుట వలన అనేక విండ్లపై తయారీదారు పేరు కనిపించదు.

ఆనవాళ్ళు

పిడికి సమీపమున బద్దలపై వ్రాసిన అంకెలను ముందుగా చూడవలెను. 60", 45# అని ఉన్నచో పొడవు 60 అంగుళాలు, లాగు బలము 45 పౌండ్లు అని అర్థము. "ఏ.ఎం.ఓ." అనునది పొడవు కొలిచే ప్రమాణమే గాని తయారీదారు పేరు కాదు.

బేర్ ఆర్చెరీ సంస్థ 1959 నుండి 1972 వరకు చాలా నమూనాల పిడిలో లోహపు బిళ్ళను చెక్కకు సమముగా పొదిగినది. 1973 నుండి ఉబ్బెత్తు బిళ్ళ వచ్చినది. ఈ సంస్థ 1978లో మిషిగన్‌లోని గ్రేలింగ్ నుండి ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కు తరలినది. కనుక ఊరిపేరు కూడా కాలమును సూచించును. ఈ విండ్లపై కనిపించే "కెనడా 1953" అనునది పేటెంటుకు సంబంధించినది. తయారైన సంవత్సరము కాదు.

నిర్ధారణ

ముద్రలేవీ లేనపుడు పిడి ఆకారము, కలప రకము, కొనలపై అతికించిన పొరల రంగులను పాత కేటలాగులతో పోల్చవలెను. తయారీదారులు ఒకరినొకరు అనుకరించిరి; దుకాణముల పేరుతోనూ విండ్లు చేసి ఇచ్చిరి. కావున ఒక్క పోలికతో నిర్ణయించరాదు.

జాగ్రత్తలు

తయారీదారు తెలియని వింటికి సాగుడు గల డాక్రాన్ నారినే వాడవలెను. సాగని ఆధునిక నారి పాత వింటి కొనలను చీల్చవచ్చును. బద్దలలో పగుళ్ళు, మెలిక, పొరల విడివడుట ఉన్నచో ఎక్కుపెట్టరాదు. బాణము లేకుండా నారిని లాగి వదలరాదు.