మెట్టలో సూది దిగాక

నందిగామలో బస్సెక్కారు. చిల్లకల్లులో హైవే వదిలి జగ్గయ్యపేటలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సిమెంటు లారీలు దాటుకుని, సందులోకి మళ్లి, పాత రికార్డులు దాచుకున్న బాబాయ్ మిద్దె మెట్లెక్కండి. తలుపు, కిటికీలు అన్నీ మూసే ఉన్నాయి. ఈ మెట్టలో సున్నపురాయి దుమ్ము గాలిలోనే ఉంటుంది మరి, రికార్డుకు దుమ్మును మించిన శత్రువు లేదు.

"చెప్పులు బయట విడువు నాయనా. ఆ ఫ్యాను కూడా ఆపెయ్," అంటాడు బాబాయ్. పెనుగంచిప్రోలు తిరునాళ్లకూ, చుట్టుపక్కల పెళ్లిళ్లకూ మైకుసెట్టు కట్టిన మనిషి.

అట్ట తీసి ప్లేటు మీ చేతిలో పెడతాడు. అంచులే పట్టుకోండి, వేలిముద్ర పడకూడదు. బరువు తెలుస్తోంది కదూ? 180 గ్రాములు. బీటిల్స్ వాళ్ల 'అబ్బే రోడ్'. 1969 సెప్టెంబరులో వచ్చిన ఆల్బమ్‌ను 2019లో మళ్లీ అచ్చేశారు. నన్నడిగితే బరువులో అంత గొప్ప లేదు, అసలు పనితనం గాడి కోయడంలో ఉంది. జైల్స్ మార్టిన్ పాత టేపుల్లోంచి కొత్తగా మిక్స్ చేస్తే, మైల్స్ షోవెల్ సగం వేగంతో కోశాడు. పాటా, కోసే మిషనూ రెండూ నెమ్మదిగా నడుస్తాయి. సన్నటి నాదాలను చెక్కడానికి కోసే పనిముట్టుకు రెట్టింపు సమయం చిక్కుతుంది.

ప్లేటును దీపం కింద ఏటవాలుగా పట్టండి. బయటి అంచు నుంచి లోపలిదాకా ఉన్నది ఒకే గాడి. పాట తగ్గినచోట నల్లగా నునుపుగా ఉంటుంది, హెచ్చినచోట మెలికలు తిరిగి వెలుగును చెదరగొడుతుంది. గాడికున్న రెండు గోడల్లో ఒకటి ఎడమ స్పీకరుది, ఒకటి కుడిది.

సూది దిగింది. చిన్న చిటపట, ఆ వెంటనే బేసు. మొదటి పాటకు రింగో డ్రమ్ముల మీద గుడ్డలు కప్పి వాయించాడు. ఆ మొద్దుదెబ్బ ఇప్పుడు ఈ గదిలోనే పడుతోంది, వినండి. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఏ రొదా లేదు. మాట్లాడబుద్ధి కాదు.

పక్క అయిపోయింది. బాబాయ్ బీరువాలోంచి ఇంకో ఎల్పీ తీస్తాడు. ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక హెచ్‌ఎంవీ విడుదల చేసింది. బీటిల్స్ రికార్డు చేసిన ఈఎంఐ వారిదే అప్పటి ఈ హెచ్‌ఎంవీ కూడా. మైకుసెట్టుతో పాటు ఊరూరా తిరిగిన ప్లేటు, గీతలు పడి ఉంది. శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య గరగర. అయినా ఆ గొంతు నిండుదనం చెక్కు చెదరలేదు.

అడుగున లక్కప్లేట్లున్నాయి. నిమిషానికి 78 చుట్లు, పక్కకు మూడు నిమిషాల పైచిలుకు. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటివాళ్లు స్టేజీ మీద సాగదీసి పాడే పద్యాన్ని, రాగంతో సహా, ఆ కాసేపట్లోనే ఇమిడ్చారు. అప్పటికి టేపు లేదు. పాడింది పాడినట్టు మైనం మీద గాడిపడేది. దాన్నుంచి తీసిన లోహపు అచ్చు పోతే, ఇక ఈ ప్లేటే మూలం. ఇది పగిలితే ఆ పద్యం పోయినట్టే.

అబ్బే రోడ్‌కు చేసిన సేవ మన పద్యానికీ జరగాలి. ఘంటసాల టేపులు ఎవరి దగ్గరున్నా, వాటికీ ఇంత శ్రద్ధ దక్కాలి. కొనేవాళ్లు లేరనే మాట నేను ఒప్పుకోను. ఈ మెట్టలో కురుక్షేత్రం పద్యానికి తెల్లవార్లూ వన్స్‌మోర్ కొట్టిన జనం ఉన్నారు.

మీ ఇంటి అటక మీద అలాంటి లక్కప్లేట్లుంటే పాతసామాన్లవాడికి వెయ్యకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, ఎండ తగలనిచోట నిలువుగా పెట్టండి. స్పిరిటుతో మాత్రం తుడవొద్దు, లక్క కరిగిపోతుంది.