పోరాటానికీ కాలువకూ నడుమ: మిర్యాలగూడ ప్రాంతంలో భూమి, నీరు, కౌలు

నల్లగొండ జిల్లా గ్రామాల గురించి రాసేవాళ్లు 1946–51 తెలంగాణ సాయుధ పోరాటాన్ని ఒక అధ్యాయంగానూ, నాగార్జునసాగర్ ఎడమ కాలువను మరో అధ్యాయంగానూ విడదీస్తారు. రెంటినీ కలిపి చదవాలన్నది ఈ వ్యాసం వాదన. భూమి హక్కుల కోసం జనం లేచిన కాలానికీ, ఆ భూమికి నీరందిన కాలానికీ మధ్య పడిన ఎడమే మిర్యాలగూడ, సూర్యాపేటల దారులు వేరు చేసింది.

పోరాటానికి ముందు ఒక్క జన్నారెడ్డి కుటుంబం కిందే లక్షన్నర ఎకరాలు, సూర్యాపేట దేశ్‌ముఖ్ కింద 20,000 ఎకరాలు ఉండేవని పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్క చెప్పారు. భూమిని మించిన బరువు దొరలు చేయించుకునే వెట్టిచాకిరీది. 1946 జులై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో నేలకొరిగాక ఊళ్లలో ఆంధ్రమహాసభ సంఘం మాటే చెల్లింది. దొరల భూములు పంచారు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక పారిపోయిన దొరలు తిరిగొచ్చి చాలాచోట్ల పంచిన భూముల్ని లాక్కున్నారు. వెట్టిని మాత్రం మునుపటిలా నిలబెట్టలేకపోయారు. నా దృష్టిలో ఈ పోరాటపు అసలు గెలుపు అదే.

1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం ఈ పోరాటపు ఒత్తిడి వల్లే వచ్చాయి. కానీ ఆ చట్టం రక్షణ ఇచ్చిన ‘రక్షిత కౌలుదారు’ల్లో చాలామంది అక్రమ బేదఖళ్లకు బలయ్యారనీ, మరికొందరు ‘స్వచ్ఛందంగా’ హక్కు వదులుకున్నారనీ 1958లో వెలువడిన ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో అధ్యయనం చూపింది. దొర గడీ ఎదురుగా ఉన్న ఊళ్లో ఆ స్వచ్ఛందం ఎలాంటిదో ఊహించడం కష్టం కాదు.

సాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. ఈ పన్నెండేళ్లే కీలకం. చట్టాలకు జంకిన పెద్ద భూస్వాములు, అప్పుల్లో ఉన్న చిన్న రైతులు మెట్ట భూముల్ని అమ్ముకున్నారు. వాటిని కొన్నది కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన రైతులు; అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ అనేక ఎకరాలు వచ్చేవి. మాగాణి సేద్యం తెలిసిన ఆ రైతుల శ్రమ, పెట్టుబడి మిర్యాలగూడను వరికీ రైసు మిల్లులకూ పేరుపడ్డ పట్టణంగా మార్చాయి. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయలేం. అయితే నీటితో పెరిగిన భూమి విలువలో, అంతకుముందే భూమి పోగొట్టుకున్న కౌలుదారుకు వాటా దక్కలేదు. 1973 భూపరిమితి చట్టం వచ్చేనాటికి అమ్మకాలూ కుటుంబ పంపకాలూ చాలావరకు ముగిశాయి.

మిర్యాలగూడకు భిన్నంగా, సూర్యాపేట తాలూకాలో మూసీ ప్రాజెక్టు కింది భూములు పోను అధిక భాగం బావులూ బోర్ల మీదే మిగిలింది. పోరాట దళాలను నడిపిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి, మిర్యాలగూడ ఎంపీగా శ్రీరాంసాగర్ ప్రాజెక్టు రెండో దశ నీళ్ల కోసం ఏళ్ల తరబడి కొట్లాడింది అందుకే.

కౌలు సమస్య మళ్లీ ముందుకొచ్చింది. 2018లో మొదలైన ప్రభుత్వ రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే అందింది. నాట్లు వేసి నష్టం మోసిన కౌలురైతుకు రాలేదు. దీని మూలాలు పాత రికార్డుల్లోనే ఉన్నాయి: 1954–55 ఖాస్రా పహాణీలను (ఊరి భూమి రికార్డులను) ఎడమ కాలువ ఆయకట్టు రికార్డులతో ఊరూరా పోల్చి చూస్తే, హక్కు ఎవరి చేతి నుంచి ఎప్పుడు జారిందో సర్వే నంబరుతో సహా తేలుతుంది. చేయాల్సిన పరిశోధన అది.