ప్రైవేటు రికార్డుల నాటి లలితగీతం

తెలుగు లలితగీతం తొలి అడుగులు గ్రామఫోను ప్లేటు మీదే పడ్డాయి. 1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలయ్యేనాటికే బాలగాయకుల రికార్డులు ఇళ్లలో మోగుతున్నాయి. సినిమాతో సంబంధం లేకుండా విడుదలైన ఈ పాటలను ప్రైవేటు రికార్డులనేవారు. ఆ మాట ఎత్తగానే సాలూరు రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గుర్తుకొస్తారు.

1928లో పుట్టిన బాలసరస్వతి ఆరేళ్ల ప్రాయంలోనే రికార్డుకు పాడారు. 1936లో సి. పుల్లయ్య పిల్లలతో తీసిన ‘సతీ అనసూయ’లో నటించారు. గూడవల్లి రామబ్రహ్మం ‘ఇల్లాలు’ (1940)లో రాజేశ్వరరావుతో కలిసి తెరమీద కనిపించారు. ఆ జంట పాడిన ప్రైవేటు గీతాలు ఊరూరా తిరిగాయి. 1943లో ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్‌కు ఆమె పాడిన పాటను తెలుగులో తొలి నేపథ్యగానంగా చెబుతారు. ఆ ఘనత చాటున ఆమె లలితగీతాలకు రావలసినంత పేరు రాలేదనే చెప్పాలి.

పూర్వం బాకాలోకి గొంతెత్తి పాడితే తప్ప రికార్డు పలికేది కాదు. మైకు వచ్చాక ఆ అవస్థ తప్పింది. మెల్లగా, పక్కనే కూర్చుని చెబుతున్నట్టు పాడే తీరుకు చోటు దొరికింది. ప్లేటు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. అందులోనే పల్లవీ చరణాలూ ముగియాలి. రాగం ఛాయగా ఉండేది, సంగతులు క్లుప్తంగా పడేవి, మాట మాత్రం స్పష్టంగా వినబడేది. టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మా తెలుగుతల్లికి’ కూడా ఇలా ప్లేటు మీదే జనంలోకి వెళ్లింది. అదే తర్వాత రాష్ట్రగీతమైంది.

లక్కతో చేసిన ఆ ప్లేట్లు చెయ్యి జారితే రెండు ముక్కలయ్యేవి. ఎల్పీలు, క్యాసెట్లు వచ్చాక పాత సినిమా పాటలు విరివిగా మళ్లీ విడుదలయ్యాయి. ప్రైవేటు గీతాలకు ఆ భాగ్యం తక్కువే. వి.ఎ.కె. రంగారావు వంటి సేకర్తలు పోగుచేయకపోతే చాలావాటి ఊసే మిగిలేది కాదు.

మళ్లీ విడుదల చేయడమంటే గీరలు తుడవడం ఒక్కటే కాదు. 74 చుట్ల వేగంతో కోసిన రికార్డును 78తో తిప్పితే శ్రుతి దాదాపు అరస్వరం పెరిగి, గొంతు చిన్నపిల్లదవుతుంది. గరగర మరీ తీసేస్తే ఊపిరి కూడా పోతుంది. కాస్త గరగర ఉంచడమే మేలు.

భారతీయ చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు 60 ఏళ్లు. 1940ల నాటి రికార్డులన్నీ ఆ గడువు దాటాయి. పాట రాసినవారి హక్కు మాత్రం వేరు. అది వారు పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది.