సాంఖ్యక శాస్త్ర బోధనలో హాస్యం, కార్టూన్లు

సగటు, విచలనం, సంభావ్యత వంటి భావనలను నవ్వు పుట్టించే బొమ్మలతో, కథలతో, పాటలతో వివరించే బోధనా పద్ధతి ఇది. స్టాటిస్టిక్స్ అనగానే బెదిరే విద్యార్థుల భయం పోగొట్టడం దీని మొదటి ప్రయోజనంగా చెబుతారు. అయితే ఈ పద్ధతిలో కలకాలం నిలిచిన బొమ్మలన్నిటా హాస్యమూ పాఠమూ ఒకటే. నవ్వు ఎందుకొచ్చిందో చెప్పగలిగినవాడికి పాఠం వచ్చేసినట్టే.

తొలినాటి ఉదాహరణల్లో ఒకటి పరిశోధన పత్రంలోనే దొరుకుతుంది. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేస్తూ ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో రాసిన విలియం సీలీ గాసెట్, 1927లో ‘బయోమెట్రికా’ పత్రికలో ఒక వ్యాసం ఫుట్‌నోట్‌లో చిన్న బొమ్మ గీశాడు. వక్రపు శిఖరం, తోకల తీరును చెప్పే కర్టోసిస్ తక్కువైతే ప్లాటీకర్టిక్, ఎక్కువైతే లెప్టోకర్టిక్ అని సాంఖ్యకుడు కార్ల్ పియర్సన్ 1905లో పెట్టిన పేర్లు గుర్తుపెట్టుకోవడం కష్టం. గాసెట్ మొదటిదానికి పొట్టి తోకతో నేలకు కరుచుకున్నట్టుండే ప్లాటిపస్‌నీ, రెండోదానికి పొడుగు తోకల కంగారూలనీ వేశాడు. కర్టోసిస్‌లో చూడాల్సింది శిఖరపు మొనను కాదు, వక్రం తోకలను అని ఇప్పటి సాంఖ్యకులు గట్టిగా చెబుతున్నారు. గాసెట్ బొమ్మ దృష్టిని అప్పుడే తోకల మీదికి తిప్పింది.

సామాన్య పాఠకుల దాకా ఈ పద్ధతిని తెచ్చింది 1954లో వచ్చిన ‘హౌ టు లై విత్ స్టాటిస్టిక్స్’. రాసిన డారెల్ హఫ్ పత్రికా రచయిత. బొమ్మలు వేసిన ఇర్వింగ్ గైస్ తర్వాతి కాలంలో ప్రోటీన్ అణువుల చిత్రాలతో పేరు పొందాడు. అందులో ఒక ఉదాహరణ: ఒకరి జీతం ఇంకొకరి జీతానికి రెట్టింపు అని చూపాలి. రెట్టింపు ఎత్తున్న డబ్బు సంచీ గీస్తే వెడల్పూ రెట్టింపవుతుంది, కాగితం మీద నాలుగింతల చోటు ఆక్రమిస్తుంది. నిజం సంచీగా ఊహించుకుంటే ఎనిమిదింతలు పడుతుంది. అంకెల్లో అబద్ధం లేదు, కన్ను మోసపోయింది. దీన్ని మాటల్లో చెప్పడం కంటే పక్కపక్కన గీసి చూపడమే తేలిక. ఇదే హఫ్ 1965లో సిగరెట్ల విషయమై అమెరికా కాంగ్రెస్ ముందు పొగాకు పరిశ్రమకు అనుకూలంగా సాక్ష్యమిస్తూ, కొంగలు ఎక్కువున్నచోట శిశుజననాలూ ఎక్కువే, అంతమాత్రాన కొంగలు కారణం కాదు అనే పాత హాస్యోదాహరణనే వాడాడు. నవ్వించే ఉదాహరణతో అక్కర్లేని అనుమానాన్ని కూడా నాటవచ్చని ఈ ఘట్టం చూపుతుంది. ఈ చరిత్రలో దాన్ని దాటవేయకూడదు.

1993లో లారీ గోనిక్, వూల్కాట్ స్మిత్‌ల ‘ది కార్టూన్ గైడ్ టు స్టాటిస్టిక్స్’ పూర్తిస్థాయి పాఠాన్ని కామిక్ రూపంలో ఇచ్చింది. జపాన్‌లో షిన్ తకహాషి స్టాటిస్టిక్స్ మీద రాసిన మాంగా (జపనీస్ కామిక్) పుస్తకం 2008లో ఇంగ్లీషులోకి వచ్చింది.

వెబ్ కామిక్‌లలో ర్యాండల్ మన్రో ‘ఎక్స్‌కేసీడీ’ది ప్రత్యేక స్థానం. 2011 నాటి ఒక కామిక్‌లో జెల్లీ బీన్స్ తింటే మొటిమలొస్తాయా అని శాస్త్రవేత్తలు పరీక్షిస్తారు. సంబంధం లేదని తేలుతుంది. అయితే ఏదో ఒక రంగువేనేమో అంటారు ఎదుటివాళ్లు. ఒకే రకం గళ్లు వరసగా 20 రంగులకు నడుస్తాయి. ఆకుపచ్చ దగ్గర మాత్రం ‘సంబంధం ఉంది’ అని వస్తుంది, చివరికి పేపర్లో అదే పతాకశీర్షిక. 5 శాతం సార్థకత స్థాయిలో 20 స్వతంత్ర పరీక్షలు చేస్తే, నిజానికి ఏ సంబంధమూ లేకున్నా కనీసం ఒక్కటైనా తప్పుగా ‘ఉంది’ అనే అవకాశం సుమారు 64 శాతం. ఆ గళ్లన్నీ విసుగు పుట్టేలా వరసగా చూడటమే ఇక్కడ అసలు పాఠం.

ఈ పద్ధతి ఫలితాలను సాంఖ్యక పద్ధతులతోనే పరీక్షించారు. ఇజ్రాయెల్ మనస్తత్వవేత్త అవ్నెర్ జివ్ 1988లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠానికి సంబంధించిన హాస్యంతో స్టాటిస్టిక్స్ నేర్చుకున్న విద్యార్థులకు పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చాయి. ఆయన వాడిన వరస గమనించదగ్గది: ముందు భావన చెప్పాలి, తర్వాత దానికి తగిన హాస్యం, ఆ వెంటనే అదే భావనను మరో మాటల్లో మళ్లీ చెప్పాలి. లారెన్స్ లెసర్, డెనిస్ పెర్ల్ తదితరులు 2016లో ప్రచురించిన యాదృచ్ఛిక ప్రయోగంలో సరైన జవాబులు స్పష్టంగా పెరిగింది పాట చేర్చిన పాఠాలకే. డిగ్రీ స్థాయి స్టాటిస్టిక్స్ బోధన కోసం పనిచేసే అమెరికా సంస్థ ‘కాజ్’ కార్టూన్‌కు వ్యాఖ్య రాసే పోటీలు కూడా నడుపుతోంది. వాటిలో బొమ్మ సంస్థది, దానికి తగిన సాంఖ్యక చమత్కారం రాసే పని పోటీదారులది.