కనుమ దారిలో బరువు దించడం: ఇంజను బ్రేకింగు

బరువుతో ఉన్న లారీ గానీ, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు గానీ పల్లానికి దిగేటప్పుడు యాక్సిలరేటరు వదలి, తక్కువ గేరులో ఉంచి, ఇంజనులో సహజంగా ఉండే అడ్డగింపుతో వేగాన్ని అదుపు చేయడాన్ని ఇంజను బ్రేకింగు అంటారు. మన డ్రైవర్లు దీనినే ‘గేరు మీద దించడం’ అని వ్యవహరిస్తారు. ఇది కాలి బ్రేకుకు ప్రత్యామ్నాయం కాదు. బరువును పట్టి ఉంచే పని ఇంజనుది, మిగిలిన కొద్దిపాటి వేగాన్ని తుంచే పని బ్రేకుది. ఈ పని విభజన తలకిందులైన చోటనే కనుమల్లో ప్రమాదాలు పుడుతున్నాయి.

సరిహద్దు జిల్లాల ప్రజలకు ఇది దూరపు విషయం కాదు. పలమనేరు నుంచి చిత్తూరు వైపు దిగే మొగిలి ఘాట్, సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్‌కు పోయే దారి, ధర్మపురికీ సేలానికీ నడుమ ఉన్న తొప్పూరు కనుమ వంటివి నిత్యం బరువు వాహనాలు తిరిగే మార్గాలు. పలమనేరు సముద్ర మట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తున ఉండగా చిత్తూరు ఎత్తు దానిలో సగమే. కొరాపుట్ పట్టణం సాలూరు కంటే 700 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. తొప్పూరులో 2020 డిసెంబరులో అదుపు తప్పిన సిమెంటు లారీ ముందున్న వాహనాలను వరుసగా ఢీకొనగా నలుగురు మరణించారు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు సేలం వెళ్లే దారి అదే.

వేడి లెక్క

ఎత్తు మీద ఉన్న బరువులో శక్తి దాగి ఉంటుంది. కిందికి దిగేటప్పుడు ఆ శక్తి ఎక్కడికో ఒక చోటికి పోక తప్పదు. వేగంగా మారవచ్చు, లేదా వేడిగా మారవచ్చు. వేగంగా మారనివ్వకూడదు కనుక వేడిగా మార్చవలసి ఉంటుంది. ఆ వేడి ఎక్కడ పుట్టాలి అన్నదే అసలు ప్రశ్న.

రెండు టన్నుల ట్రాక్టరు, బరువుతో కలిపి ఏడు టన్నుల ట్రాలీ, మొత్తం తొమ్మిది టన్నులు అనుకుందాం. ఇది 100 మీటర్ల ఎత్తు దిగితే వెలువడే శక్తి ముప్పై లీటర్ల మామూలు నీటిని మరిగే స్థితికి తేవడానికి సరిపోతుంది. అంటే పెళ్లింట్లో ఒక గంగాళం నీళ్లు కాగినంత. టైర్ల రాపిడిలో, గాలిలో కొంత పోయినా మిగిలినది బ్రేకుల మీద పడితే వాటి గతి ఏమిటో ఊహించవచ్చు.

లారీ విషయంలో మరొక లెక్క ఉంది. 25 టన్నుల లారీ ప్రతి 20 మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున దిగే వాలులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్నదనుకుంటే, రాపిడికి పోయేది తీసివేసినా, ఇళ్లలో బకెట్టులో వేసే ఒక కిలోవాట్ హీటర్లు 80 ఒకేసారి వెలిగించినంత వేడి పుడుతూ ఉంటుంది. అదే లారీ 15 కిలోమీటర్ల వేగంతో దిగితే ఆ సంఖ్య 40కి తగ్గుతుంది. మొత్తం వేడి మారదు. అయితే పుట్టే తీరు నెమ్మదిస్తుంది, చల్లారడానికి వ్యవధి దొరుకుతుంది, అందులో ఎక్కువ భాగాన్ని ఇంజనే మింగగలుగుతుంది. ఇంజనుకు రేడియేటరు ఉంది, ఫ్యాను ఉంది, వేడిని బయటికి పంపే గొట్టం ఉంది. బ్రేకు డ్రమ్ముకు అటువంటి సదుపాయం ఏదీ లేదు.

డ్రమ్ము మితిమీరి వేడెక్కినప్పుడు రెండు మూడు పరిణామాలు ఒకేసారి జరుగుతాయి. ఇనుప డ్రమ్ము వ్యాకోచించి లైనింగు నుంచి దూరంగా జరుగుతుంది. లైనింగులోని జిగురు పదార్థం మాడి పట్టు తగ్గుతుంది. మాడిన వాసన వచ్చేది అందుకే. ఆయిల్ బ్రేకులున్న వాహనాల్లో బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ పీల్చుకున్న తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగజారవచ్చు. అప్పుడు పెడలు నేలకు తగులుతుంది గానీ బండి ఆగదు. ‘బ్రేకులు ఫెయిలయ్యాయి’ అని పత్రికల్లో చదివే సంఘటనలలో ఏదో గొట్టం తెగిందని పాఠకులు భావిస్తారు. కనుమల్లో గొట్టం తెగకుండానే, కేవలం వేడి వల్లనే బ్రేకులు పనిచేయకుండా పోతాయి.

న్యూట్రల్ అనే భ్రమ

పల్లంలో న్యూట్రల్‌లో వేసి, కొందరైతే ఇంజను కూడా ఆపివేసి, డీజిల్ ఆదా అవుతుందని దిగడం ఒక పాత అలవాటు. ఇందులో ఆదా అనేదే ఒక పొరపాటు లెక్క. న్యూట్రల్‌లో ఇంజను తనంతట తాను తిరగాలి కనుక దానికి డీజిల్ కావాలి. గేరులో ఉంటే చక్రాలే ఇంజనును తిప్పుతాయి. యాక్సిలరేటరు పూర్తిగా వదిలి ఉండి, ఇంజను ఐడిల్ వేగం కన్నా బాగా ఎక్కువగా తిరుగుతున్నప్పుడు డీజిల్ పంపులోని గవర్నరు ఇంధనాన్ని మూసివేస్తుంది. నేటి ఇంజన్లలో కంప్యూటరు ఆ పనే చేస్తుంది. కనుక గేరులో దిగే లారీ, న్యూట్రల్‌లో దిగే లారీ కన్నా తక్కువ డీజిల్ తాగుతుంది.

ఇంజను ఆపితే ముప్పు మరింత పెద్దది. పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది. బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు ఆగిపోతుంది. ట్యాంకులో మిగిలిన గాలి కొన్ని నొక్కులకే ఖర్చవుతుంది. గాలి పూర్తిగా పడిపోతే, స్ప్రింగు బ్రేకులున్న లారీలలో చక్రాలు హఠాత్తుగా బిగుసుకొని, మలుపులో ఉన్న బండి ఎటు పోతుందో చెప్పలేని స్థితి ఏర్పడుతుంది. కార్లలోనూ ఇంజను ఆగిన తరువాత రెండు మూడు నొక్కులకు పెడలు రాయిలా గట్టిపడుతుంది.

ఏ గేరు, ఎప్పుడు

‘ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి’ అన్నది డ్రైవర్ల పాత సూత్రం. అది పాత లారీల కాలపు మాట. నేటి ఇంజన్ల బలం పెరిగినందున ఎక్కేటప్పుడు పై గేరు సరిపోవచ్చు. అందువల్ల అదే గేరు గానీ, దానికన్నా ఒకటి తక్కువ గానీ అని సవరించుకోవడం మేలు.

గేరు తగ్గే కొద్దీ పట్టు ఎందుకు పెరుగుతుంది? పై గేరులో వెనుక చక్రం ఒక చుట్టు తిరిగితే ఇంజను ఆరేడు చుట్లు తిరిగే లారీలో, రెండో గేరులో అదే ఒక్క చుట్టుకు ఇంజను ఇరవైకి పైగా తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ పిస్టన్లు గాలిని లాగాలి, నొక్కాలి, బయటికి నెట్టాలి, రాపిడిని భరించాలి. ఆ శ్రమ అంతా చక్రాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది సమయం. గేరు పల్లం మొదలయ్యే ముందే పడాలి. దిగుడు మధ్యలో వేగం పెరిగిన తరువాత కింది గేరు వేయబోతే, క్లచ్ తొక్కిన ఆ రెండు క్షణాలలోనే బండి ఇంకా వేగం పుంజుకుంటుంది. గేరు పడక న్యూట్రల్‌లో చిక్కుకోవచ్చు. ఒకవేళ బలవంతంగా పడినా, చక్రాలు ఇంజనును దాని హద్దు దాటి తిప్పుతాయి. గవర్నరు డీజిల్‌ను ఆపగలదే గానీ, వెనుక నుంచి తోసే బరువును ఆపలేదు. వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పగిలే ప్రమాదం ఉంది. కనుమ అంచున బండి ఆపి, బ్రేకులు, గాలి మీటరు చూసుకొని, గేరు వేసి దిగడం మొదలుపెట్టే డ్రైవరును ‘పిరికివాడు’ అనే సహచరులు ఉంటారు. ఆ మాటకు విలువ ఇవ్వనక్కరలేదు.

ఇంజను పట్టి ఉంచినా వేగం కొద్దికొద్దిగా పెరుగుతుంటే బ్రేకు వాడాలి. పాదాన్ని పెడలు మీద ఆనించి దారి పొడవునా ఉంచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అనుకున్న హద్దు 30 కిలోమీటర్లయితే, వేగం 30కి రాగానే గట్టిగా నొక్కి 22 దాకా తెచ్చి, పూర్తిగా వదిలివేయాలి. మళ్లీ 30కి వచ్చినప్పుడు మళ్లీ నొక్కాలి. నడుమ దొరికే విరామంలో డ్రమ్ములకు గాలి తగులుతుంది. ఈ నొక్కులు మరీ దగ్గర దగ్గరగా పడుతున్నాయంటే గేరు ఇంకా తగ్గవలసి ఉందని అర్థం. బండిని దాదాపు ఆపి, అప్పుడు తగ్గించుకోవాలి.

దారి పక్కన బోర్డులు కన్నడంలో ‘నిధానవాగి చలిసి’ అనీ, తమిళంలో ‘మెదువాగ సెల్లవుం’ అనీ చెబుతాయి. రెండింటి భావమూ నెమ్మదిగా పొమ్మనే. ఎలా నెమ్మదిగా పోవాలో, ఏ గేరు వాడాలో అవి చెప్పవు. తిరుమలలో మాత్రం కొంత వివేకం చూపారు. 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డును నేడు దిగడానికే ఉపయోగిస్తున్నారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని కాలం నిర్ణయించారు. దిగుడుకు ఎక్కువ సమయం కేటాయించడంలోని ఆంతర్యం పైన చెప్పిన వేడి లెక్కే.

ట్రాక్టరు, ట్రాలీ

లారీకి అన్ని చక్రాలకూ బ్రేకులుంటాయి. గ్రామాలలో తిరిగే ట్రాలీలలో చాలావాటికి అసలు బ్రేకులే ఉండవు. ట్రాక్టరుకు సాధారణంగా వెనుక చక్రాలకే బ్రేకులు. ఇంజను పట్టు కూడా ఆ రెండు చక్రాల ద్వారానే రోడ్డుకు అందుతుంది. తొమ్మిది టన్నుల భారాన్ని రెండు టైర్లు పట్టి ఉంచుతున్నాయన్నమాట. పల్లంలో ఎద్దుబండి కాడి ఎద్దుల మెడల మీదికి జరిగి వాటిని ముందుకు తోసినట్లే, ట్రాలీ ట్రాక్టరును తోస్తుంది. మలుపులో, మట్టి మీద, తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పడితే వెనుక టైర్లు జారి, ట్రాలీ ఒక పక్కకు తిరిగి ట్రాక్టరును అడ్డంగా తిప్పి బోల్తా కొట్టిస్తుంది. ఇంజను బ్రేకింగుతో కూడా ఈ జారుడు సంభవం కనుక వాలు మొదట్లోనే నడక వేగానికి తగ్గడం తప్ప మరో మార్గం లేదు.

పొలంలో దున్నేటప్పుడు ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను విడివిడిగా వాడుతారు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కొక్కెంతో కలపకపోతే ఒక చక్రమే పట్టుకొని ట్రాక్టరు గిరుక్కున తిరుగుతుంది. హై–లో లీవరును కూడా పైన ఆగినప్పుడే ‘లో’లో పెట్టాలి. నడుస్తూ మార్చబోతే చాలా ట్రాక్టర్లలో అది పడదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే ట్రాక్టరయితే ముందు ఇరుసును కలిపి దిగితే పట్టు నాలుగు టైర్లకూ పంచబడుతుంది.

రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు వెనుక ఎక్కువైతే ముందు కొక్కెం పైకి లేస్తుంది. ట్రాక్టరు వెనుక చక్రాల మీది భారం తగ్గి పట్టు సడలుతుంది. చెరకు, కంకర నింపేటప్పుడు దీన్ని గమనించాలి. కర్ణాటక, మహారాష్ట్ర చెరకు ప్రాంతాలలో ఒకే ట్రాక్టరుకు రెండు ట్రాలీలు తగిలించే అలవాటు ఉంది. సమతల నేల మీద అది ఎలా ఉన్నా, కనుమ వాలులో దానికి ఏ గేరూ సమాధానం కాదు. ఒకదాన్ని పైన విడిచి, రెండు దఫాలుగా దించడమే పద్ధతి. సరుకు ట్రాలీలో మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. జాతరలకు, పెళ్లిళ్లకు పిల్లాపాపలతో ట్రాలీలో బయలుదేరే కుటుంబాలు ఆ తొట్టికి బ్రేకు ఉందో లేదో ఒకసారి కిందికి వంగి చూస్తే చాలు.

ఎగ్జాస్టు బ్రేకు

డీజిల్ ఇంజనులో నొక్కబడిన గాలి తిరిగి పిస్టనును కిందికి నెట్టి, తీసుకున్న శక్తిలో చాలా భాగం వెనక్కి ఇచ్చివేస్తుంది. అందువల్ల ఒక్క గేరు పట్టు పెద్ద లారీలకు చాలదు. పొగ గొట్టాన్ని ఒక రేకుతో మూసి పిస్టన్లకు అడ్డు పెంచేది ఎగ్జాస్టు బ్రేకు. మన లారీలలో, బస్సులలో కనిపించేది ఎక్కువగా ఇదే. నొక్కిన గాలిని సరిగ్గా పై అంచున బయటికి వదిలేసే మరో రకం అమెరికాలో పుట్టింది. డీజిల్ ఇంజన్ల నిర్మాత క్లెస్సీ కమిన్స్ 1931లో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టు తప్పి, పట్టాల మీద వస్తున్న గూడ్సు రైలును వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. దరిమిలా ఆయన రూపొందించిన ఆ బ్రేకు 1961లో జేకబ్స్ సంస్థ ద్వారా విపణిలోకి వచ్చింది. ఈ సాధనాలన్నీ గేరులో ఉన్నప్పుడే పనిచేస్తాయి. క్లచ్ తొక్కినా, న్యూట్రల్ వేసినా అవి ఉన్నా లేనట్లే.

కార్లకు సూత్రం ఇదే. ఆటోమేటిక్ కార్లలో ‘ఎల్’ లేదా ‘2’ గుర్తు అందుకోసమే ఉంది. గేర్లు లేని స్కూటర్లకు ఇంజను పట్టు బహు స్వల్పం. బ్యాటరీ వాహనాలలో మోటారే పట్టి ఉంచి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. అయితే కొండ మీదనే పూర్తిగా చార్జి చేసి దిగితే ఆ పట్టు బాగా తగ్గిపోతుంది.

బ్రేకు పోయినప్పుడు

పెడలు పట్టు తప్పినట్లు తోచగానే హారను మోగిస్తూ, లైట్లు వేసి, హ్యాండు బ్రేకును విడతలుగా లాగుతూ, లోయ వైపు కాక కొండ వైపు ఒరిపించాలి. ఇసుక, మట్టి గుట్ట, ఎక్కుడు దారి ఏది కనబడినా అటు మళ్లించాలి. వాసన గానీ పొగ గానీ వచ్చిన బండిని ఆపగలిగితే అరగంటకు తక్కువ కాకుండా చల్లారనివ్వాలి. కాలిన డ్రమ్ముల మీద నీళ్లు పోస్తే అవి పగులుతాయి.

ఇరుకు కొండదారిలో ఎదురెదురుగా వాహనాలు వస్తే, దిగే వాహనం పక్కకు ఆగి ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలని 1989 నాటి రోడ్డు నిబంధనలే చెప్పాయి. ఆగిన చోట ఇంజను ఆపితే గేరులో వదలి, చక్రాల ముందు చెక్క మొద్దులో, రాళ్లో పెట్టాలి. బయలుదేరేటప్పుడు ఆ రాళ్లను రోడ్డు పక్కకు తీసివేయాలి. చీకటిలో వచ్చే మోటారు సైకిలు వాడికి అవి కనబడవు.